మద్యము, మోటారు, తుపాకి



నేడు నేను మనవి చేయబూనిన విషయము వినుటకు ఇంపైనది కాదు. అయినను మన యిండ్లకు దూరమైనదియు కాదు. త్రాగి మోటారు నడుపుచు ఒకసారి పట్టుబడినవాడు మరల అదే తప్పు చేసి పట్టుబడుట, ఆ రెండవసారి వాని బండిలో తుపాకియు దొరకుట, ఇదియే నేటి ప్రసంగ విషయము. ఇట్టి సంగతులు అమెరికా సంయుక్తరాష్ట్రములలో తరచుగా జరుగుచుండును. ఏలయన, ఆ దేశమున మోటారు లేని కుటుంబము అరుదు. తుపాకి గల కుటుంబములు అనేకములు. చదువునకును ఉద్యోగమునకును ఆ దేశమునకు బిడ్డలను పంపిన గ్రామములు మన తెలుగునాట నేడు చాల కలవు. కావున అక్కడి న్యాయము ఎట్టిదో ఇక్కడి పెద్దలు కొంత తెలిసికొనుట అవసరమని తలచుచున్నాను.

ఇట్టి వార్త చెవినిబడినపుడు పెద్దలు సాధారణముగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "ఎవరికిని దెబ్బ తగులలేదు గదా, తుపాకి పేలలేదు గదా, ఏ హానియు జరుగకుండగనే ఇంత శిక్ష యేల?" అని వారందురు. ఈ ప్రశ్న అడుగదగినదే. అమెరికాలోని పెద్ద న్యాయస్థానములలో న్యాయాధిపతులు దీనినే వేరొక రూపమున చర్చించి, తమలో తాము ఏకీభవింపలేకపోయిరి. అట్టి తీర్పులు రెంటిని మీకు తెలిపి, మన దేశపు చట్టమును కొంత వివరించి, చివరకు ఇంటి పెద్దలు చేయదగినదేమో నాకు తోచినంత మనవి చేసెదను.

ముందుగా మద్యము శరీరమున చేయు పనిని గూర్చి రెండు మాటలు. మద్యము కడుపులోనుండియు ప్రేవులలోనుండియు రక్తములో కలసి మెదడునకు చేరును. అక్కడ అది మొదట చెరచునది కాళ్లను కాదు, నాలుకను కాదు. మంచి చెడ్డలను తూచి చూచు వివేకమును మొదట చెరచును. నడక తడబడుటయు, మాట తొట్రుపడుటయు తరువాతి సంగతులు. కావుననే త్రాగినవాడు "నేను బాగుగనే యున్నాను, బండి నడుపగలను" అని నిజముగా నమ్మి చెప్పును. వాడు అబద్ధమాడుటలేదు. తూచవలసిన త్రాసే చెడిపోయిన పిమ్మట, ఆ త్రాసుతోనే తూచి బరువు చెప్పుచున్నాడు.

రక్తమున మద్యమెంత కలదో కొలుచుటకు ఒక లెక్క కలదు. నూరు మిల్లీలీటర్ల రక్తములో ఎన్ని మిల్లీగ్రాముల మద్యము కలదని చూతురు. మన దేశమున 30 మిల్లీగ్రాములు దాటినచో బండి నడుపుట నేరము. అమెరికాలో చాల రాష్ట్రములందు ఈ హద్దు 80 మిల్లీగ్రాములు. యూటా రాష్ట్రము మాత్రము 2018 సంవత్సరాంతమునుండి దానిని 50 మిల్లీగ్రాములకు తగ్గించినది. ఒకసారి రక్తములో చేరిన మద్యమును కాలేయము గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తొలగింపగలదు. చన్నీళ్ల స్నానముగాని, మజ్జిగగాని, నిమ్మరసముగాని, కాఫీగాని ఈ పనిని త్వరపెట్టజాలవు. రాత్రి 150 మిల్లీగ్రాములవరకు త్రాగి పండుకొన్నవానికి, 30 మిల్లీగ్రాములకు దిగుటకే సుమారు 8 గంటలు పట్టును. తెల్లవారినది గనుక మత్తు దిగినదనుకొని బండి యెక్కువాడు మోసపోవుచున్నాడు. నిత్యము త్రాగువానికి పైకి మత్తు కనబడకపోవచ్చును. అంతమాత్రమున వాని రక్తములోని లెక్క తగ్గదు, వాని చేయి చురుకుగను పనిచేయదు.

ఇక తుపాకి సంగతి. మోటారు నడుపుటకు ఏ వివేకము కావలయునో, తుపాకిని ముట్టకుండ ఉండుటకును అదే వివేకము కావలయును. కోపము వచ్చినపుడు చేతిని వెనుకకు తీయునది అదియే, దుఃఖము వచ్చినపుడు రేపటివరకు ఓర్చుకొమ్మని చెప్పునదియు అదియే. మద్యము దానినే ముందుగా నిద్రపుచ్చును. పిచ్చివాని చేతిలో రాయి యని మన పెద్దలు చెప్పిన సామెత ఇచ్చట రెండింతలుగా వర్తించును. అమెరికాలో 2022వ సంవత్సరమున, త్రాగినవారు నడిపిన బండ్లు చిక్కుకొన్న ప్రమాదములలో 13,524 మంది చనిపోయిరని ఆ దేశపు రోడ్డు భద్రతాశాఖవారి లెక్క. అదే సంవత్సరమున తుపాకి గుండ్లవలన చనిపోయినవారు 48,000 మందికి పైబడిరి. వారిలో సగమునకు పైగా తమ్ము తామే కాల్చుకొనినవారు. త్రాగుబోతు ఇంట తుపాకి యుండుట పొరుగువానికంటె వానికే యెక్కువ కీడని ఈ లెక్కవలన మనము గ్రహింపవచ్చును.

అమెరికాలో ఇట్టి అరెస్టు జరుగు విధము వినుడు. బండి వంకరటింకరగా పోవుచుండుటను చూచి పోలీసువాడు ఆపును. నడిపించేవానిని దింపి, గీతమీద నడువుమనును, ఒంటికాలిపై నిలువుమనును, కన్నుల యెదుట కలమును కదలించి చూచును. పిమ్మట ఊపిరి ఊదించు యంత్రమును తెచ్చును. ఇట్టి యంత్రములలో పేరుగాంచిన 'బ్రెతలైజరు'ను 1954లో ఇండియానా రాష్ట్రపు పోలీసు ఉద్యోగియగు రాబర్టు బోర్కెన్‌స్టీన్ కనిపెట్టెను. ఊదనని మొండికెత్తినను లాభము లేదు. బాటపై బండి నడుపువాడు ఈ పరీక్షకు ముందే సమ్మతించినట్లు అక్కడి శాసనములు భావించును గనుక, నిరాకరించినవాని లైసెన్సు పోవును. వానిని స్టేషనుకు తీసికొనిపోయి బండిని స్వాధీనము చేసికొనునపుడు అందలి వస్తువులకు జాబితా వ్రాయుదురు. తుపాకి బయటబడుట తరచుగా ఇప్పుడే. ఇంతవరకు ఒక కేసుగా నున్నది ఇంకమీదట రెండు కేసులగును.

త్రాగియుండి తుపాకిని ధరించుటయే చాల రాష్ట్రములలో వేరొక నేరము. మిషిగన్ రాష్ట్రపు నిబంధన గమనింపదగినది. అక్కడ బండి నడుపుటకు హద్దు 80 మిల్లీగ్రాములు. కాని పిస్తోలును దుస్తులలో దాచి ధరించుటకు లైసెన్సుగలవానికి హద్దు 20 మిల్లీగ్రాములే. అనగా, బండి నడుపుటకు చట్టము ఓర్చుకొను మద్యములో నాలుగవవంతును గూడ తుపాకి విషయమున ఓర్చుకొనదు.

మొదటి తప్పునకును రెండవ తప్పునకును శాసనము ఇంత భేదమేల చూపవలయును? మొదటిసారి పట్టుబడినవాడు తెలియక చేసితిననవచ్చును, పెండ్లి విందులో మొగమాటమునకు త్రాగితిననవచ్చును. న్యాయస్థానము ఆ మాటను కొంత మన్నించును. జుల్మానా వేసి, కొంతకాలము లైసెన్సు ఆపి, త్రాగుడు మాన్పించు తరగతులకు పంపును. రెండవసారి పట్టుబడినవానికి ఆ మాట చెల్లదు. పోలీసుస్టేషను చూచినాడు, మేజిస్ట్రేటు మందలింపు విన్నాడు, డబ్బు కట్టినాడు. ఇన్ని తెలిసియు మరల త్రాగి తాళపుచెవి పట్టెను. ఆ మనుష్యుని అదుపు వాని చేతిలో లేదనుటకు ఇది సాక్ష్యము. అదుపు వానిలో లేనపుడు బయటినుండి అదుపు పెట్టవలసియుండును. రెండవ శిక్ష బరువెక్కుటకు ఇదియే కారణము.

తుపాకి విషయమున అమెరికాలో మరియొక చిక్కు కలదు. ఆయుధము కలిగియుండు హక్కును ఆ దేశపు రాజ్యాంగమునకు 1791లో చేరిన రెండవ సవరణ కాపాడుచున్నది. అయితే కొందరు ఆయుధము ముట్టరాదని కేంద్రశాసనము నిషేధించినది. ఒక సంవత్సరమునకు మించిన ఖైదు విధింపదగిన నేరము చేసి దోషియైనవాడు అట్టివారిలో నొకడు. ఇక్కడ 'విధింపదగిన' యను మాటను గమనింపుడు. వానికి నిజముగా పడిన శిక్ష మూడునెలలే కావచ్చును. అయినను ఆ నేరమునకు శాసనము వ్రాసిన గరిష్ఠ శిక్షనే లెక్కలోనికి తీసికొందురు. చిన్నతరగతి నేరములకైనచో రెండేండ్లవరకు ఖైదు విధింపదగినవి ఈ నిషేధమునుండి మినహాయింపబడినవి. సాధారణముగా త్రాగి బండి నడిపిన మొదటి నేరము ఈ మినహాయింపులోనే పడును. అదే నేరము మరల మరల చేసినపుడు కొన్ని రాష్ట్రములందు గరిష్ఠ శిక్ష ఈ హద్దు దాటును. అప్పుడు ఆ మనుష్యుడు బండి లైసెన్సుతోపాటు తుపాకి హక్కును గూడ పోగొట్టుకొనును.

నేను చెప్పదలచిన రెండు తీర్పులును ఈ యెల్లయొద్ద పుట్టినవే. మొదటిది న్యూ మెక్సికో రాష్ట్రమునకు చెందిన ఒకానొకని కేసు. ఆ రాష్ట్రమున త్రాగి బండి నడుపుటలో నాలుగవ నేరమునుండి ఘోరాపరాధముగా ఎంచబడును. ఈ మనుష్యునికి అట్టి నేరమునకే 12 సార్లు శిక్ష పడియుండెను. 2004వ సంవత్సరము సెప్టెంబరులో వాడు రాత్రి యంతయు త్రాగి, ఒక రైఫిలు చేతబట్టి, డబ్బిమ్మని తన ఇంటివారిని బెదరించెను. మొదట గురిపెట్టినది తన 'ఆంటు'కు. ఇంగ్లీషువారి ఆ మాట మేనత్తకును పినతల్లికిని గూడ చెల్లును. నా వద్ద డబ్బు లేదని ఆమె చెప్పగా, వాడు మీట మరల మరల నొక్కెను. రైఫిలులో గుండు లేకపోవుటచేత ఆమె బ్రతికినది. పిమ్మట తన తోబుట్టువును గూడ అట్లే బెదరించెను. పోలీసులు వచ్చి పట్టుకొనిరి.

ఘోరాపరాధిగా నున్నవాడు తుపాకి కలిగియుండుట నేరమని వాడు ఒప్పుకొనెను. ఆ నేరమునకు అప్పటి గరిష్ఠ శిక్ష 10 ఏండ్లు. అయితే, పూర్వము మూడు 'హింసాత్మక ఘోరాపరాధములు' చేసినవాడు తుపాకితో పట్టుబడినచో 15 ఏండ్లకు తక్కువగాని శిక్ష వేయవలెనని మరియొక శాసనము కలదు. త్రాగి బండి నడుపుట హింసయా, కాదా? ప్రశ్న ఇదియే. క్రింది న్యాయస్థానములు హింసయే యనినవి. కేసు అమెరికా సుప్రీంకోర్టునకు పోయెను. 2008వ సంవత్సరము ఏప్రిలులో తొమ్మండుగురు న్యాయాధిపతులలో ఆరుగురు అది హింసాత్మక నేరము కాదని తీర్మానించిరి. ప్రధాన తీర్పు వ్రాసిన న్యాయమూర్తి స్టీఫెన్ బ్రేయరు వాదము సారాంశముగా ఇట్లున్నది. త్రాగి బండి నడుపువాడు ఎవరినో కొట్టవలెనని, చంపవలెనని బుద్ధిపూర్వకముగా బయలుదేరడు. తుపాకిని తీసి కావలెనని కాల్చగల స్వభావమును తెలుపు నేరములకొరకే ఆ శాసనము పుట్టినది. త్రాగి నడుపుట ఎంత ప్రమాదకరమైనను ఆ జాతికి చెందినది కాదు.

మిగిలిన ముగ్గురు న్యాయాధిపతులు దీనికి సమ్మతింపలేదు. వారి పక్షమున న్యాయమూర్తి శామ్యూల్ అలీటో వ్రాసెను. ఇతరుల శరీరములకు గొప్ప అపాయము కలిగించు నేరములను గూర్చి శాసనము చెప్పుచుండగా, ఏటేట వేలమందిని చంపు ఈ నేరముకంటె అపాయకరమైనది వేరేమున్నదని వారి భావము. తరువాత 2015లో సుప్రీంకోర్టు మరియొక కేసునందు, శాసనములోని ఆ వాక్యమే మిక్కిలి అస్పష్టముగా నున్నదని దానిని కొట్టివైచినది.

నాకు తోచినది చెప్పెదను. శాసనపు మాటకు అర్థము చెప్పుటలో ఆరుగురి తీర్పు సరియైనదే కావచ్చును. ఉద్దేశమును బట్టి శిక్షను కొలుచుట న్యాయమునకు ప్రాణము. కాని అపాయము ఉద్దేశమును అడిగి రాదు. పన్నెండు కేసులు బాటమీద జరిగినవి. పదుమూడవసారి ఆ మత్తు ఇంటిలోనికి వచ్చి, ఇంటి ఆడువారి గుండెలకు గురిపెట్టినది. ఈ కథలో గ్రామపెద్దలు ముఖ్యముగా గమనింపవలసినది ఈ సంగతియే. న్యాయస్థానములు ఆ మనుష్యునికి ఎన్ని యేండ్లు వేయవలెనని నాలుగేండ్లు తర్కించినవి. అంతకుముందు, మొదటి అరెస్టునకును పన్నెండవ దానికిని నడుమ, వాని చేతినుండి సీసాను, తాళపుచెవిని, తుపాకిని తీసివేయవలసినవారెవ్వరు? ఆ ప్రశ్న ఏ న్యాయస్థానము ముందునకును రాదు. అది కుటుంబము ముందునకు వచ్చును.

రెండవ తీర్పు పెన్సిల్వేనియా రాష్ట్రమునకు చెందినది. ఇందులో బెదరింపు లేదు, గాయము లేదు. ఒక గృహస్థు 2002లో త్రాగి బండి నడుపుచు పట్టుబడెను. మొదటి తప్పు గనుక తరగతులకు పోయి నియమములు పాటించినమీదట అభియోగము రద్దయ్యెను. 2005లో మరల పట్టుబడెను. ఈమారు వాని రక్తమున 192 మిల్లీగ్రాముల మద్యము తేలినది. మన దేశపు హద్దునకు ఇది ఆరు రెట్లకు పైబడియున్నది. మొదటి అభియోగము రద్దయినను, అప్పటి ఆ రాష్ట్రశాసనము దానిని పూర్వపు తప్పుగానే లెక్కించినది. వానికి పడినది 90 దినముల నిర్బంధమే. పగలు పనికి పోయి వచ్చుటకు అనుమతియు ఇచ్చిరి. కాని ఆ నేరమునకు గరిష్ఠ శిక్ష 5 ఏండ్లు. కనుక కేంద్రశాసనము ప్రకారము తుపాకి నిషేధము వానికి అంటుకొన్నది.

పదకొండేండ్లు గడచినవి. 2016లో అతడు తుపాకి కొనబోగా ఇవ్వలేదు. నేను హింస చేసినవాడను కానని, రాజ్యాంగపు హక్కును నాకు తిరిగి ఇప్పింపుడని అతడు వ్యాజ్యము వేసెను. జిల్లా న్యాయస్థానము 2018లో అతని పక్షముననే తీర్పు చెప్పెను. 2020 జనవరిలో పై న్యాయస్థానమునందు ముగ్గురిలో ఇద్దరు న్యాయాధిపతులు దానిని త్రిప్పివైచిరి. ఇంత మత్తులో రెండవసారి బండి నడుపుట ప్రజల ప్రాణములను లక్ష్యపెట్టని గొప్ప నేరమనియు, అట్టివాని చేతికి ఆయుధమును నిషేధించుట తగుననియు వారు చెప్పిరి. మూడవ న్యాయాధిపతి సమ్మతింపలేదు. 2021లో సుప్రీంకోర్టు ఆ అప్పీలును విచారణకు తీసికొనలేదు. అటుపిమ్మట 2022లో సుప్రీంకోర్టు ఆయుధహక్కునకు చరిత్రనుబట్టి చూడవలసిన క్రొత్త పరీక్ష నేర్పరచుటచేత, ఇట్టి నిషేధములపై వాదములు మరల మొదలైనవి. 2024లో అదే కోర్టు, ఇతరుల ప్రాణములకు నిజమైన ముప్పని న్యాయస్థానము నిర్ణయించిన మనుష్యునినుండి తాత్కాలికముగా ఆయుధమును తొలగించుట చెల్లునని ఎనమండుగురి సమ్మతితో తీర్పు చెప్పినది.

ఈ రెండు కేసులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మొదటివాడు మారలేదు. రెండవవాడు మారినట్లే కనబడును. పదకొండేండ్ల పిమ్మటనైనను రెండవ అరెస్టు వానిని వదలలేదు. మొదటి అరెస్టుతో ఆగియున్నచో, 2002 నాటి రద్దైన అభియోగము తప్ప వానిపై మరేమియు నిలిచియుండెడిది కాదు. మొదటిసారి చట్టము తలుపు తెరచి యుంచును. రెండవసారి మూసివేయును. ఒకవేళ మరల తెరచినను, ఏండ్లకొలది కోర్టులచుట్టు తిరిగిన పిమ్మటనే.

మొదటిసారి తెరచిన తలుపును సద్వినియోగము చేయుటకు ఆ న్యూ మెక్సికో రాష్ట్రమే ఒక మంచి మార్గము చూపినది. 2005లో, మొదటిసారి పట్టుబడినవారందరి బండ్లకును ఒక తాళపు యంత్రమును బిగింపవలెనని శాసించిన మొదటి రాష్ట్రమది. నడుపువాడు ఆ యంత్రములో ఊదవలెను. ఊపిరిలో మద్యమున్నచో ఇంజను కదలదు. వివేకము పని చేయనివేళ, ఆ వివేకము చేయవలసిన పనిని ఇనుపయంత్రమునకు ఒప్పగించిరి. ఇప్పుడు చాల రాష్ట్రములు ఆ దారినే పోవుచున్నవి.

ఇక మన బిడ్డల సంగతి. చదువునకో ఉద్యోగమునకో తాత్కాలిక వీసాపై అమెరికాలో నున్న విదేశీయుడు తుపాకి కలిగియుండుటయే అక్కడి కేంద్రశాసనము ప్రకారము సాధారణముగా నేరము. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రము కలవు. స్నేహితుల తుపాకియని చెప్పినను, తన అధీనములో నున్నదని రుజువైనచో తప్పించుకొనుట కష్టము. తుపాకి నేరమున శిక్షపడినవాడు, గ్రీన్ కార్డు గలవాడైనను, దేశమునుండి పంపివేయబడుటకు అర్హుడగును. త్రాగి బండి నడిపిన అరెస్టు ఒక్కదానికే వీసా రద్దుచేయు పద్ధతి 2015 నుండి వచ్చినది. నేరము రుజువగుటకు ముందే ఇట్లు జరుగవచ్చును. అట్లు రద్దైనంతమాత్రమున వెంటనే వెడలగొట్టరు. కాని చెల్లెలి పెండ్లికో, తండ్రి కర్మకో ఇంటికి వచ్చిన కుమారుడు తిరిగి పోవుటకు క్రొత్త వీసా కావలసివచ్చును. అది దొరకుట కష్టమగును.

కాబట్టి అట్టి కబురు వచ్చినపుడు ఇక్కడి పెద్దలు, "జుల్మానా కట్టి ఒప్పుకొని బయటపడుము, నాయనా" అని తొందరపడి చెప్పరాదు. నేరము ఒప్పుకొనుటవలన దేశబహిష్కారము కలుగునేమో ముందుగా తెలియజెప్పుట వకీలు విధియని అమెరికా సుప్రీంకోర్టు 2010లో తీర్మానించినది. నేరవిచారణ తెలిసిన వకీలును, వీసా చట్టము తెలిసిన వకీలును ఇద్దరిని సంప్రదించిన పిమ్మటనే సంతకము చేయుమని చెప్పవలయును.

మన దేశములో చట్టము ఎట్లున్నదో ఇప్పుడు క్లుప్తముగా చెప్పెదను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 2019లో సవరింపబడినది. త్రాగి నడిపిన మొదటి నేరమునకు ఆరునెలలవరకు ఖైదుగాని, 10,000 రూపాయల జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. మరల అదే నేరము చేసినచో రెండేండ్లవరకు ఖైదు, 15,000 రూపాయల జుల్మానా. అలవాటుపడిన త్రాగుబోతును బండి లైసెన్సునకు అనర్హునిగా చేయు అధికారము లైసెన్సు ఇచ్చు అధికారికి కలదు.

తుపాకులకు 1959 నాటి ఆయుధముల చట్టము వర్తించును. మన దేశమున ఆయుధము హక్కు కాదు. ప్రభుత్వము నమ్మి యిచ్చిన అనుమతి మాత్రమే. లైసెన్సు లేని తుపాకి దొరకినచో సాధారణముగా రెండేండ్లకు తక్కువగాక ఐదేండ్లవరకు ఖైదు. పైరులను కాచుటకు రైతులకు నాటుతుపాకి లైసెన్సు ఇచ్చు ఏర్పాటు ఆ చట్టమున కలదని మీలో పలువురెరుగుదురు. అట్టి లైసెన్సు గలవాడు అందుకు తగనివాడని తోచినను, ప్రజల క్షేమమునకు అవసరమైనను, అధికారి దానిని నిలుపవచ్చును, రద్దు చేయవచ్చును. పెండ్లిండ్లలోను జాతరలలోను ఉత్సాహమునకై తుపాకి కాల్చి ఇతరుల ప్రాణములకు అపాయము తెచ్చుట కూడ 2019 సవరణచే ప్రత్యేక నేరమైనది. దానికి రెండేండ్లవరకు ఖైదు, లక్షరూపాయలవరకు జుల్మానా గలవు.

ఇన్ని చట్టములు చెప్పితిని. అయినను చట్టము వచ్చునది పట్టుబడిన పిమ్మటనే. పట్టుబడుటకు ముందు, మొదటి అరెస్టునకును రెండవదానికిని నడుమ, పనిచేయగలవారు ఇంటివారును ఊరి పెద్దలును మాత్రమే. అందుచేత నాకు తోచిన కొన్ని మాటలు.

మొదటిసారి పట్టుబడినవానిని విడిపించుటకు పలుకుబడి గలవారిని ఆశ్రయింపకుడు. పరువు పోవునని ఆ సంగతిని కప్పిపుచ్చకుడు. అట్లు చేసినచో వానికి మనము నేర్పునది ఒక్కటే, ఈ తప్పునకు వెల తక్కువ యని. న్యాయస్థానపు మందలింపును వాని చెవిని పూర్తిగా పడనిండు.

రెండవది, తాళపుచెవి. కొంతకాలము బండి వాని వశమున ఉండరాదు. తండ్రి మాటను ధిక్కరించువాడు తాత మాటను, మేనమామ మాటను వినవచ్చును. ఎవ్వరి మాట చెల్లునో వారే చెప్పవలయును. త్రాగని వేళ, ఉదయమున, నలుగురు లేనిచోట చెప్పవలయును. త్రాగియున్నవానితో వాదించుట వ్యర్థము, అపాయము కూడ.

మూడవది, తుపాకి. త్రాగుడు మరగినవాడున్న ఇంట ఆయుధము ఒక్క రాత్రియు ఉండరాదు. అటకపై దాచితిమనుకొనుట చాలదు. దాచిన చోటు ఇంటిలో పుట్టినవానికి తెలియకపోదు. లైసెన్సు గల ఆయుధమైనచో పోలీసుస్టేషనులోగాని, లైసెన్సు గల ఆయుధవర్తకుని వద్దగాని అప్పగించి రసీదు పుచ్చుకొనవచ్చును. ఆ రాత్రి భార్యయు, బిడ్డలును, త్రాగినవాడును నిద్రించి లేచుటకు అది కారణమగును.

నాలుగవది, వైద్యము. విడువలేని త్రాగుడు ఒక వ్యాధియని నేటి వైద్యులు చెప్పుదురు. చాలకాలము మిక్కుటముగా త్రాగినవానిని ఒక్కమారుగ మాన్పించినచో వణకు, మూర్ఛ, మతిభ్రమము కలుగవచ్చును. ప్రాణాపాయము కూడ రావచ్చును. కావున గదిలో పెట్టి తాళము వేయుట వైద్యము కాదు. హైదరాబాదులో ఎర్రగడ్డయందును, విశాఖపట్టణమునందును గల ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో దీనికి చికిత్స కలదు. అక్కడికి తీసికొనిపోవుటలో అవమానమేమియు లేదు.

మొక్కై వంగనిది మానై వంగదని మనము పిల్లలను గూర్చి చెప్పుకొందుము. త్రాగుడు పట్టినవాని విషయమున మొదటి అరెస్టే ఆ మొక్కనాటి కాలము. అప్పుడు ఒక జుల్మానా, ఒక రాత్రి అవమానము, ఇంటిలో కొన్ని కన్నీళ్లు, ఇంతతో పోవును. రెండవ అరెస్టునాటికి లైసెన్సు పోవును, కొలువు పోవును, పరదేశమైనచో నిలువ నీడ పోవును. తుపాకి కూడ తోడైనచో ఏమి పోవునో న్యూ మెక్సికోలో ఆ గుండులేని రైఫిలు చూపినది. గుండు లేకపోవుట ఒక ఇంటి అదృష్టము. అదృష్టమును నమ్ముకొని ఏ ఇల్లును ఉండరాదు.

మీ ఊరిలో మొదటిసారి పట్టుబడి, తలవంచుకొని ఇంటికి వచ్చినవాడు ఎవడైన ఉన్నచో, ఈ వారములోనే ఒకరు వాని యింటికి పోయి కూర్చుండి మాటలాడుడని నా ప్రార్థన. సెలవు.